తాగి ఢీకొట్టి పరారైతే.. చట్టం ఏం చెబుతోంది?

'గుర్తు తెలియని వాహనం ఢీకొని వ్యక్తి దుర్మరణం'. జిల్లా వార్తల్లో తరచూ కనిపించే శీర్షిక ఇది. ఆ రెండు వాక్యాల వార్త వెనుక సమాధానం లేని ప్రశ్నలెన్నో ఉంటాయి. వాహనం నడిపిన వ్యక్తి ఎందుకు ఆగలేదు? ఆగకపోవడం వల్ల అతనికి ఒరిగిందేమిటి? బాధిత కుటుంబం కోల్పోయిందేమిటి? మద్యం మత్తులో ప్రమాదం చేసినవారు పారిపోవడానికి గల కారణాల్లో పరీక్షకు దొరకకూడదన్న ఆలోచన ఒకటి. కొన్ని గంటలు కనిపించకుండా ఉంటే మత్తు దిగుతుందని, దానితో పాటే కేసు కూడా వీగిపోతుందని చాలామంది భావిస్తుంటారు. ఇది అపోహ మాత్రమే. చట్టం దృష్టిలో తాగి నడపడం ఒక నేరం. నిర్లక్ష్యంతో ప్రమాదం చేయడం రెండో నేరం. క్షతగాత్రులను వదిలి వెళ్లిపోవడం మూడో నేరం. వీటిలో ఒకటి రుజువు కానంత మాత్రాన మిగిలినవి మాసిపోవు.

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మృతి చెందారు. వీరిలో 30,486 మంది ఢీకొట్టి పరారైన ఘటనల్లోనే ప్రాణాలు కోల్పోయారు. అదే ఏడాది మద్యం మత్తు కారణంగా సంభవించినట్లు నమోదైన మరణాలు 4,201. పరారైన వ్యక్తికి సకాలంలో పరీక్ష జరగదు. కాబట్టి మత్తు ఖాతాలో చేరవలసిన మరణాల్లో కొన్ని 'గుర్తు తెలియని వాహనం' ఖాతాలోకి వెళుతున్నాయని భావించడానికి ఆస్కారం ఉంది.

ఆగి తీరాల్సిందే

మోటారు వాహనాల చట్టం-1988లోని 134వ సెక్షన్ ప్రమాదం జరిగినపుడు డ్రైవరు నెరవేర్చవలసిన బాధ్యతలను వివరిస్తోంది. ఎవరైనా గాయపడితే వారికి వైద్యం అందేలా తగిన చర్యలన్నీ తీసుకోవాలి. సమీపంలోని వైద్యుని వద్దకు గానీ, ఆసుపత్రికి గానీ చేర్చాలి. పోలీసు అధికారి అడిగిన వివరాలు ఇవ్వాలి. ఘటనా స్థలంలో పోలీసులు లేకపోతే వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితుల్లోనూ 24 గంటలు దాటకుండా సమీప పోలీసు స్టేషన్‌లో సమాచారం అందజేయాలి. బీమా కంపెనీకి కూడా ప్రమాద వివరాలను లిఖితపూర్వకంగా తెలపాలి.

ప్రమాదం జరగ్గానే జనం గుమిగూడి డ్రైవరుపై చేయి చేసుకోవడం మన ప్రాంతంలో కొత్త కాదు. చట్టం ఈ భయాన్ని కూడా పరిగణనలోకి తీసుకుంది. మూక ఆగ్రహం వల్ల గానీ, తన అదుపులో లేని మరే కారణం వల్ల గానీ క్షతగాత్రులకు సాయం చేయలేకపోతే ఆ మేరకు డ్రైవరుకు మినహాయింపు ఉంది. అయితే ఇది వైద్యసాయం అందించే బాధ్యతకే పరిమితం. పోలీసులకు సమాచారం ఇవ్వవలసిన బాధ్యత అలాగే ఉంటుంది. ప్రాణభయంతో అక్కడి నుంచి కదిలి నేరుగా స్టేషన్‌కు వెళ్లిన డ్రైవరుకూ, ఇంటికి వెళ్లి ఫోన్ కట్టేసి పడుకున్న డ్రైవరుకూ చట్టంలో తేడా ఉన్నది ఇక్కడే.

ఈ నిబంధనలను ఉల్లంఘిస్తే 187వ సెక్షన్ కింద శిక్ష పడుతుంది. 2019 సవరణకు ముందు మూడు నెలల జైలు, రూ.500 జరిమానాతో సరిపెట్టేవారు. ఆ సవరణ తరువాత గరిష్ఠ శిక్ష ఆరు నెలల జైలు లేదా రూ.5 వేల జరిమానా లేదా రెండూ. మళ్లీ అదే నేరానికి పాల్పడితే ఏడాది వరకు జైలు లేదా రూ.10 వేల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు.

తాగి నడిపితే..

100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి మద్యం ఉన్నట్లు పరీక్షలో తేలితే 185వ సెక్షన్ వర్తిస్తుంది. మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల వరకు జైలు లేదా రూ.10 వేల వరకు జరిమానా లేదా రెండూ ఉంటాయి. రెండోసారి అయితే రెండేళ్ల వరకు జైలు లేదా రూ.15 వేల వరకు జరిమానా లేదా రెండూ విధిస్తారు. ఈ నేరానికి రోడ్డు మీద చలానా కట్టి చేతులు దులుపుకోవడం కుదరదు. కోర్టు మెట్లు ఎక్కవలసిందే.

లైసెన్సు కూడా దక్కదు. 134వ సెక్షన్ ఉల్లంఘన రుజువైతే కనీసం నెల రోజులు, తాగి నడిపినట్లు రుజువైతే కనీసం ఆరు నెలలు వాహనం నడిపేందుకు అనర్హునిగా ప్రకటించాలని 20వ సెక్షన్ న్యాయస్థానాలను నిర్దేశిస్తోంది. లారీ, ఆటో, ట్యాక్సీ నడిపి కుటుంబాన్ని పోషించే వారికి జరిమానా కంటే ఇదే పెద్ద దెబ్బ.

పరీక్షకు నిరాకరిస్తే

బహిరంగ ప్రదేశంలో ప్రమాదం జరిగి, డ్రైవరు మద్యం తాగి ఉన్నాడని సహేతుకమైన అనుమానం కలిగితే బ్రీత్ ఎనలైజర్ పరీక్షకు ఆదేశించే అధికారం 203వ సెక్షన్ పోలీసులకు కల్పించింది. రక్త నమూనా సేకరణకు 204వ సెక్షన్ వీలు కల్పిస్తోంది. తాగి నడిపిన నేరంపై అరెస్టు చేసిన వ్యక్తికి రెండు గంటల్లోగా వైద్య పరీక్ష జరిపించాలన్న నియమం 202వ సెక్షన్‌లో ఉంది.

పరీక్షకు ఒప్పుకోకపోతే ఆధారమే ఉండదన్న ఆలోచన కూడా సరికాదు. సరైన కారణం చూపకుండా నిరాకరించడాన్ని ప్రాసిక్యూషన్ సాక్ష్యానికి బలం చేకూర్చే పరిస్థితిగా న్యాయస్థానం భావించవచ్చునని 205వ సెక్షన్ చెబుతోంది. దీనికి తోడు, అరెస్టయిన నిందితుడికి వైద్యుని ద్వారా పరీక్షలు చేయించడానికి, అవసరమైన మేరకు బలప్రయోగానికి సైతం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 51వ సెక్షన్ వీలు కల్పిస్తోంది.

మత్తు దిగినా జాడలు మిగులుతాయి

రక్తంలోని మద్యం సాధారణంగా గంటకు 15 మిల్లీగ్రాముల చొప్పున తగ్గుతుంది. మనిషిని బట్టి ఇది కొంత అటూఇటూ ఉంటుంది. ప్రమాద సమయంలో 120 మిల్లీగ్రాములు ఉన్న వ్యక్తి 30కి దిగాలంటే సుమారు ఆరు గంటలు పడుతుంది. మరుసటి రోజు సాయంత్రం లొంగిపోయిన వ్యక్తి రక్తంలో ఏమీ దొరక్కపోవచ్చు. అలాంటి సందర్భాల్లో 185వ సెక్షన్ కింద నేరం రుజువు చేయడం కష్టమవుతుందన్నది వాస్తవమే. వాసన, తడబడే నడక, మాట తీరు మాత్రమే చూసి మత్తును నిర్ధారించలేమని సుప్రీంకోర్టు 1971లోనే ఒక కేసులో అభిప్రాయపడింది.

అయినప్పటికీ దర్యాప్తు అక్కడితో ఆగదు. బార్‌లోని సీసీ కెమెరా దృశ్యాలు, బిల్లు, డిజిటల్ చెల్లింపుల వివరాలు, టోల్‌గేటు వద్ద ఫాస్టాగ్ నమోదు, సెల్‌ఫోన్ సంకేతాలు, రోడ్డుపై రాలిన హెడ్‌లైటు ముక్కలు, పెయింటు పెచ్చులు, మోటారు వాహనాల తనిఖీ అధికారి నివేదిక, కలిసి తాగిన వారి వాంగ్మూలాలు.. ఇవన్నీ సాక్ష్యాలే. ఘటన అనంతరం నిందితుని ప్రవర్తన కూడా పరిశీలనార్హమని భారతీయ సాక్ష్య అధినియమం 6వ సెక్షన్ స్పష్టం చేస్తోంది. పారిపోవడం ఒక్కటే నేరాన్ని రుజువు చేయదు. మిగిలిన సాక్ష్యాలతో కలిసినపుడు మాత్రం అది నిందితుడికి వ్యతిరేకంగానే నిలుస్తుంది.

ప్రాణం పోతే..

2024 జూలై 1 నుంచి భారత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. అంతకు ముందు జరిగిన ప్రమాదాలకు పాత సెక్షన్లే వర్తిస్తాయి. కొత్త చట్టంలో నిర్లక్ష్యంగా వాహనం నడిపితే 281వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు లేదా జరిమానా లేదా రెండూ ఉంటాయి. ఇతరులకు గాయాలైతే 125వ సెక్షన్ వర్తిస్తుంది. తీవ్ర గాయాలైన పక్షంలో మూడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. నిర్లక్ష్యం కారణంగా మరణం సంభవిస్తే 106వ సెక్షన్ మొదటి ఉపసెక్షన్ కింద ఐదేళ్ల వరకు జైలు, జరిమానా విధిస్తారు. పాత చట్టంలోని 304-ఏ సెక్షన్ కింద ఇది రెండేళ్లే. ఈ నేరానికి బెయిలు పొందే హక్కు ఉంది.

తాగి నడిపితే ప్రాణాలు పోతాయని తెలిసీ నడిపాడని న్యాయస్థానం నమ్మితే కేసు స్వరూపమే మారిపోతుంది. అపుడు హత్యగా పరిగణించని శిక్షార్హమైన నరహత్య కింద 105వ సెక్షన్ వర్తిస్తుంది. మరణం సంభవించవచ్చని తెలిసి చేసిన పనికి పదేళ్ల వరకు జైలు, జరిమానా పడతాయి. ఈ నేరానికి బెయిలు హక్కుగా లభించదు. విచారణ సెషన్స్ కోర్టులో జరుగుతుంది. మద్యం తాగిన ప్రతి కేసుకూ ఈ సెక్షన్ దానంతట అదే వర్తించదు. తాగిన పరిమాణం, వేగం, రోడ్డుపై రద్దీ వంటి అంశాలన్నిటినీ న్యాయస్థానం తూకం వేస్తుంది. మత్తులో ఉన్నందున ఏం జరిగిందో తెలియదన్న వాదన నిలవదు. తనంతట తానుగా తాగిన వ్యక్తికి, తాగనపుడు ఉండే తెలివిడి ఉన్నట్లుగానే 24వ సెక్షన్ పరిగణిస్తుంది.

అమలుకు నోచుకోని నిబంధన

ప్రమాదం చేసి పరారయ్యే వారి కోసమే కొత్త చట్టంలో 106వ సెక్షన్‌కు రెండో ఉపసెక్షన్ చేర్చారు. నిర్లక్ష్యపు డ్రైవింగ్‌తో మరణానికి కారణమై, వెంటనే పోలీసు అధికారికి గానీ, మేజిస్ట్రేటుకు గానీ తెలపకుండా తప్పించుకుంటే పదేళ్ల వరకు జైలు, జరిమానా విధించాలని అందులో ఉంది. దీనిని నిరసిస్తూ 2024 జనవరి ఆరంభంలో దేశవ్యాప్తంగా లారీ డ్రైవర్లు సమ్మెకు దిగారు. పెట్రోలు బంకుల వద్ద జనం బారులు తీరారు. జనం కొడతారన్న భయంతో కదిలిన డ్రైవర్లందరికీ పదేళ్ల శిక్ష వేస్తారా అన్నది వారి ఆవేదన. కేంద్రం చర్చలు జరిపి, కొత్త చట్టం అమలు తేదీని ప్రకటిస్తూ 2024 ఫిబ్రవరిలో ఇచ్చిన నోటిఫికేషన్‌లో ఈ ఉపసెక్షన్‌ను మినహాయించింది. అందువల్ల 2024 జూలై 1న కొత్త చట్టం ఈ ఉపసెక్షన్ లేకుండానే అమలులోకి వచ్చింది. ఫలితంగా పరారైనందుకు పడే ప్రత్యేక శిక్ష 187వ సెక్షన్‌లోని ఆరు నెలలకే పరిమితమైంది.

రెండు తీర్పులు

ఇలాంటి కేసుల్లో సుప్రీంకోర్టు 2012లో వెలువరించిన రెండు తీర్పులు ప్రామాణికంగా నిలిచాయి. ముంబయిలోని బాంద్రా కార్టర్ రోడ్డులో 2006 నవంబరు 12న మద్యం మత్తులో నడిపిన కారు పేవ్‌మెంటుపై నిద్రిస్తున్న వారి మీదికి దూసుకెళ్లింది. ఏడుగురు మృతి చెందారు. ఎనిమిది మంది గాయపడ్డారు. నిందితుడికి నరహత్య సెక్షన్ కింద బొంబాయి హైకోర్టు విధించిన మూడేళ్ల శిక్షను సుప్రీంకోర్టు 2012 జనవరి 12న సమర్థించింది.

రెండోది ఢిల్లీ లోధీ కాలనీ కేసు. 1999 జనవరి 10 తెల్లవారుజామున ఒక బీఎండబ్ల్యూ కారు ఢీకొని ముగ్గురు పోలీసులు సహా ఆరుగురు మృతి చెందారు. నడిపిన యువకుడు ఆగలేదు. కారును గోల్ఫ్ లింక్స్‌లోని ఒక ఇంటికి తరలించి రక్తపు మరకలను కడిగించారు. అయినా గంటల తరువాత సేకరించిన రక్తంలో 0.115 శాతం మద్యం ఉన్నట్లు తేలింది. హైకోర్టు ఈ నేరాన్ని నిర్లక్ష్యపు మరణంగా తగ్గించగా, 2012 ఆగస్టు 3న సుప్రీంకోర్టు తిరిగి నరహత్యగానే నిర్ధారించింది. అప్పటికే అనుభవించిన రెండేళ్ల జైలుతో పాటు రూ.50 లక్షలు చెల్లించాలని, రెండేళ్లపాటు సమాజ సేవ చేయాలని ఆదేశించింది. ఆ సొమ్మును వాహనం ఆచూకీ దొరకని ప్రమాదాల బాధితులకు పరిహారంగా వినియోగించాలని సూచించింది. సాక్ష్యం చెరిపినందుకు మరికొందరికీ శిక్ష పడింది.

సాయం చేసినవారూ దోషులే

వాహనాన్ని కడిగించడం, షెడ్డులో దాచి మరమ్మతు చేయించడం, అసలు నడిపిన వ్యక్తికి బదులు మరొకరిని స్టేషన్‌కు పంపడం నేరాలే. సాక్ష్యం మాయం చేసినా, నిందితుడిని కాపాడేందుకు తప్పుడు సమాచారం ఇచ్చినా న్యాయ సంహిత 238వ సెక్షన్ వర్తిస్తుంది. ప్రధాన నేరం నరహత్య అయితే మూడేళ్ల వరకు జైలు పడవచ్చు. నిందితుడికి ఆశ్రయం ఇచ్చిన వారికి 249వ సెక్షన్ ఉంది. పోలీసులు అడిగినపుడు ఆ సమయంలో వాహనం ఎవరు నడిపారో తెలపడం యజమాని బాధ్యతని మోటారు వాహనాల చట్టం 133వ సెక్షన్ పేర్కొంటోంది. తెలిసీ దాచిపెడితే యజమానికీ 187వ సెక్షన్ శిక్షే. తాగి నడపడాన్ని ప్రోత్సహించిన వారికి 188వ సెక్షన్ కింద నడిపిన వ్యక్తితో సమానంగా శిక్ష ఉంటుంది.

బీమాపై ఆశ వద్దు

మద్యం ప్రభావంలో నడిపి ప్రమాదం చేస్తే సొంత వాహనానికి జరిగిన నష్టాన్ని బీమా కంపెనీలు చెల్లించవు. శ్వాస, రక్త పరీక్షల నివేదిక లేకపోయినా ఇతర సాక్ష్యాల ఆధారంగా మద్యం ప్రభావాన్ని నిరూపించుకునే అవకాశం బీమా కంపెనీకి ఉందని సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్‌లో స్పష్టం చేసింది. అంటే పరీక్ష తప్పించుకున్నా క్లెయిము దక్కుతుందన్న హామీ లేదు. బాధితులకు ఇవ్వవలసిన పరిహారం విషయంలోనూ 2019 సవరణ ద్వారా కంపెనీలకు ఈ కారణంపై అభ్యంతరం చెప్పే వీలు కలిగింది. ముందు బాధితులకు కంపెనీ చెల్లించి, తరువాత యజమాని నుంచి రాబట్టుకోవాలని న్యాయస్థానాలు పలు కేసుల్లో ఆదేశించాయి. ఆ భారం చివరికి యజమాని ఇల్లు, పొలం మీదికి వస్తుంది.

32 లక్షలకు బదులు 2 లక్షలు

పరారీ వల్ల అందరికంటే ఎక్కువగా నష్టపోయేది బాధిత కుటుంబమే. వాహనం దొరికితే మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునల్‌లో వయసు, ఆదాయం, ఆధారపడిన వారి సంఖ్యను బట్టి పరిహారం లెక్కిస్తారు. ఉదాహరణకు నెలకు రూ.15 వేలు సంపాదించే 30 ఏళ్ల మేస్త్రీ మరణించి, భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి అతనిపై ఆధారపడి ఉన్నారనుకుందాం. సుప్రీంకోర్టు 2009, 2017 తీర్పుల్లో నిర్దేశించిన సూత్రం ప్రకారం భవిష్యత్ సంపాదన కింద 40 శాతం కలిపితే నెలకు రూ.21 వేలు, ఏడాదికి రూ.2.52 లక్షలు అవుతుంది. సొంత ఖర్చుల కింద నాలుగో వంతు తీసివేస్తే రూ.1.89 లక్షలు మిగులుతుంది. ఆ వయసుకు నిర్ణయించిన 17తో గుణిస్తే రూ.32.13 లక్షలు. అంత్యక్రియలు తదితర ఖర్చులు దీనికి అదనం.

అదే వాహనం ఆచూకీ దొరకకపోతే ఆ కుటుంబానికి ప్రభుత్వ పథకం కింద దక్కేది రూ.2 లక్షలే. తీవ్రంగా గాయపడిన వారికి రూ.50 వేలు. 2022 ఏప్రిల్ 1కి ముందు ఇవి రూ.25 వేలు, రూ.12,500 మాత్రమే. ఇందుకోసం క్లెయిముల విచారణాధికారికి దరఖాస్తు చేసుకోవాలి. రెవెన్యూ డివిజన్ లేదా తాలూకా స్థాయి అధికారి ఈ బాధ్యత నిర్వర్తిస్తారు. నెల రోజుల్లో ఆయన నివేదిక పంపితే, 15 రోజుల్లోగా జిల్లా స్థాయి క్లెయిముల కమిషనర్ మంజూరు చేయాలి. ఈ పథకం ఉన్న సంగతే చాలామందికి తెలియదు. అందుకే కేసు నమోదైన నెల రోజుల్లో వాహనం వివరాలు దొరకకపోతే, పరిహారానికి దరఖాస్తు చేసుకోవచ్చునని బాధితులకు పోలీసులే లిఖితపూర్వకంగా తెలపాలని సుప్రీంకోర్టు 2024 జనవరి 12న ఆదేశించింది.

బాధితులు గమనించవలసినవి

* ఎఫ్‌ఐఆర్ ప్రతిని ఉచితంగా పొందే హక్కు ఫిర్యాదుదారుకు ఉంది. పంచనామా, పోస్టుమార్టం నివేదిక, ఆసుపత్రి బిల్లులు భద్రపరచాలి.
* సమీపంలోని దుకాణాలు, బంకుల సీసీ కెమెరాల దృశ్యాలు కొద్ది రోజులకే చెరిగిపోతాయి. వాటిని వెంటనే సేకరించాలని దర్యాప్తు అధికారిని లిఖితపూర్వకంగా కోరాలి.
* వాహనం దొరికితే ట్రిబ్యునల్‌లో దావాకు 166వ సెక్షన్ ఆరు నెలల గడువు పేర్కొంటోంది. ఆలస్యం చేయరాదు.
* న్యాయవాదిని పెట్టుకోలేని అర్హులకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచిత సహాయం అందిస్తుంది. 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు.
* గాయపడిన వారిని ఆసుపత్రికి చేర్చిన వ్యక్తిని పేరు, చిరునామా చెప్పమని బలవంతపెట్టరాదు. 134-ఏ సెక్షన్ వారికి రక్షణ కల్పిస్తోంది.

డ్రైవర్లు గమనించవలసినవి

* వాహనాన్ని నిలిపి 108కి, పోలీసులకు ఫోన్ చేయాలి.
* దాడి జరుగుతుందన్న భయం ఉంటే నేరుగా సమీప పోలీసు స్టేషన్‌కు వెళ్లి విషయం చెప్పాలి.
* వాహనాన్ని కడగడం, మరమ్మతు చేయించడం, మరొకరిని తన స్థానంలో పంపడం చేయరాదు.

గాయపడిన తొలి గంటను మోటారు వాహనాల చట్టం 'గోల్డెన్ అవర్'గా నిర్వచించింది. సకాలంలో చికిత్స అందితే ప్రాణం నిలిచే అవకాశం ఎక్కువగా ఉండే సమయమది. తాగి నడిపిన డ్రైవరు తన రక్తంలో మద్యం తగ్గేదాకా దాక్కునే గంటల్లో మొదటి గంట కూడా అదే. ఆ గంటలో ఆగి సాయం చేస్తే నిర్లక్ష్యపు గాయం కేసుగా మిగిలేది, వదిలి వెళ్లిపోతే మరణం కేసుగా మారవచ్చు. మూడేళ్లకు మించని శిక్ష స్థానంలో ఐదేళ్లు, పదేళ్ల సెక్షన్లు వచ్చి చేరేది అప్పుడే.